మెట్ల గోడకు దేవుడి టైల్ పెడితే ఉమ్మడం ఆగుతుందా? దీన్ని పరీక్షించేదెలా?

నయీంనగర్_మెట్లు
అందరికీ నమస్తే. దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను, ఇది ప్రాజెక్ట్ సంవత్సరం. పగలు హన్మకొండలో ఒక కాంప్లెక్స్‌లోని కోచింగ్ సెంటర్‌లో పని. బిల్డింగ్‌కు ముందొక మెట్ల దారి, వెనకొకటి. మెట్లు తిరిగే చోట మొత్తం ఎనిమిది మూలలున్నాయి, అన్నీ గుట్కా, పాన్ మరకలతో ఎర్రగా ఉంటాయి. గుట్కా మీద నిషేధం ఉందన్న సంగతి మా మెట్లదాకా రాలేదు.

ఈమధ్య ఓనర్ గారు అన్నిటికన్నా ఘోరంగా ఉన్న మూలను ఎంచుకుని, రంగు వేయించి, వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, మక్కా, ఏసుప్రభువు టైల్స్ వరసగా అతికించారు. ఇప్పుడక్కడ ఒక్క మరక కూడా లేదు. "చూసినవా, దేవుడంటే ఎంత భయమో" అంటున్నారు.

దీన్నే ప్రాజెక్ట్‌గా తీసుకుందామనుకుంటే, గైడ్ మేడం ప్రశ్నావళి తయారుచేసి జనానికి పంచమంటున్నారు. పరిశుభ్రత పట్ల వైఖరి, దైవభక్తి, వాటి మధ్య సంబంధం, ఇలాంటివి. నాకు తెలుసుకోవాలని ఉన్నది వైఖరి కాదు. టైల్ వల్ల ఉమ్మడం నిజంగా తగ్గిందా లేదా, అంతే. ఖర్చు తక్కువలో, ఒక్కదాన్ని చేయగలిగే స్టడీ ఎలా వేయాలో చెప్పండి.

ఎనుమాముల_మిర్చి
మూలకో ఇసుక బకెట్ పెట్టండి అక్కా. స్టడీ అయిపోయింది, గోడా బాగుపడింది.

నయీంనగర్_మెట్లు
బకెట్ పెడితే పనిచేస్తుందని మీకెలా తెలుసు తమ్మీ? 🙂

పాత_లెక్చరర్
అమ్మా, నేను వరంగల్‌లోనే డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. మీ గైడ్‌ను తప్పుపట్టను, ప్రశ్నావళికి దాని చోటు దానికుంది. కానీ "మీరు మెట్ల మీద ఉమ్ముతారా?" అని అడిగితే అవునని రాసేవాడెవడు?

1934లో లాపియర్ అనే అమెరికా సామాజికవేత్త ఒక పేపర్ వేశాడు. ఒక చైనా దంపతులతో కలిసి దేశమంతా కారులో తిరిగాడు. అప్పట్లో అక్కడ చైనావాళ్ల మీద ద్వేషం బాగా ఉండేది. అయినా వాళ్లు వెళ్లిన 251 హోటళ్లు, లాడ్జీలు, భోజనశాలల్లో ఒక్కటే ఒక్కటి లోపలికి రానివ్వలేదు. తర్వాత అవే చోట్లకు "చైనావాళ్లను రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన వాళ్లలో 90 శాతం పైగా "రానివ్వం" అన్నారు. ఆ స్టడీలోనూ లోపాలున్నాయి. ఉత్తరానికి జవాబు రాసినవాడు, ఆ రోజు గది ఇచ్చినవాడు ఒకరే కాకపోవచ్చు. అయినా నోటిమాటకూ చేతకూ మధ్య ఎంత దూరం ఉండొచ్చో అది చూపించింది.

మీ దగ్గర చేత గోడ మీదే ఉంది. దాన్ని లెక్కపెట్టండి. దానికన్నా ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోండి: టైల్ పనిచేయకపోతే ఆ గోడ మీద మీకేం కనబడాలి? దీనికి జవాబు లేకపోతే స్టడీ మొదలుపెట్టకండి. ఓనర్ దగ్గర ఈ జవాబు లేదు. మరకలు తగ్గితే దేవుడి భయం అంటారు, పెరిగితే కలికాలం అంటారు.

గోదావరిఖని_జనరల్_షిఫ్ట్
సార్ చెప్పింది సరే. నాకు ఓనర్ మూలను ఎంచుకున్న పద్ధతి మీదే అనుమానం. అన్నిటికన్నా ఘోరంగా ఉన్నదాన్నే పట్టుకున్నాడు. ఏ మూల ఏ నెలలో ఎక్కువ పాడవుతుందనేది కొంత ఆ మూల గుణం, కొంత ఆ నెల తలరాత. వచ్చే నెల ఆ తలరాత భాగం మారిపోతుంది. కాబట్టి అందరికన్నా కింద ఉన్నది ఏమీ చేయకపోయినా కొంచెం పైకి వస్తుంది. 1886లో గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు లెక్కలు తీసి చెప్పింది ఇదే. బాగా పొడుగువాళ్ల పిల్లలు సగటున తండ్రంత పొడుగు రారు, సగటువైపు జరుగుతారు.

పరీక్షలో ఘోరంగా తప్పిన పిల్లవాణ్ని తిడితే తర్వాతి పరీక్షలో కొంచెం బాగా రాస్తాడు. తిట్టు పనిచేసిందని తండ్రి అనుకుంటాడు. ఊరంతా ఇదే లెక్క.

ఇంకో మాట. మా బొగ్గుబాయిలో, అంటే గనిలో, అగ్గిపెట్టె, బీడీ లోపలికి తీసుకుపోవడం నిషేధం, అందుకే మావాళ్లలో ఖైనీ అలవాటు ఎక్కువ. పని చూసుకునే ఓవర్‌మన్ కనబడితే ఒకడూ ఉమ్మడు. కాబట్టి మీరు నోట్‌బుక్ పట్టుకుని మూల దగ్గర నిలబడితే మాత్రం టైల్ అక్కర్లేదు.

కాజీపేట_జంక్షన్
అసలు సంగతి ఎవరూ అనలేదు. రంగు! ఆ మూలకు టైల్ ఒక్కటే రాలేదు, కొత్త రంగు కూడా వచ్చింది. తెల్లగా ఉన్న గోడ మీద ఉమ్మడానికి చేయి, సారీ, నోరు రాదు.

ఇది నా ఊహ కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 2008లో చేసిన స్టడీ ఉంది. సైకిళ్లు పెట్టే ఒక సందులో హ్యాండిల్‌కు ఒక కరపత్రం తగిలించి, వచ్చినవాళ్లు దాన్ని కింద పారేస్తారా లేదా అని చూశారు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది పారేశారు. అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి ఉంచినప్పుడు 69 శాతం. మిగతాదంతా ఒకటే, గోడ ఒక్కటే మారింది.

కాబట్టి చెల్లె, ముందు ఎనిమిది మూలలకూ ఒకేరోజు ఒకే రంగు వేయించు. పాత టైల్స్ తీయించు. తర్వాత ఎనిమిది చీటీలు రాసి, డబ్బాలో కలిపి, నాలుగు తీయి. వాటికి టైల్స్, మిగతా నాలుగింటికి ఏమీ వద్దు. ఏ మూల అనేది నువ్వు తేల్చొద్దు, ఓనర్ అసలే తేల్చొద్దు.

ఎనిమిదిలో నాలుగు అని ఎందుకన్నానంటే, దీనికి పెద్ద చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒకావిడ, కప్పులో ముందు పాలు పోశారో ముందు టీ పోశారో తాగి చెప్పేస్తానందట. అక్కడే పనిచేసిన ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త తన 1935 పుస్తకంలో దీన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనిమిది కప్పులు, నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ, వరస కలిపేసి ఇవ్వాలి. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకోవడానికి 70 దారులు. ఏమీ తెలియని మనిషి గుడ్డిగా చెప్పి అన్నీ సరిగ్గా కొట్టే అవకాశం 70లో 1. నీ మూలలకూ అదే. టైల్ వట్టిదే అయితే, టైల్ ఉన్న నాలుగు మూలలే అన్నిటికన్నా శుభ్రంగా ఉండే అవకాశం 70లో 1. ఈ లెక్కకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

నయీంనగర్_మెట్లు
అన్నా, ఈ 70 లెక్క భలే నచ్చింది. కానీ ఒక డౌట్. నోట్లో గుట్కా పెట్టుకుని మెట్లెక్కేవాడు టైల్ చూసి ఆగాడనుకుందాం. వాడు మింగడు కదా! తర్వాతి మూలలో ఉమ్ముతాడు. అప్పుడు టైల్ ఉన్నచోట తగ్గుతుంది, లేనిచోట పెరుగుతుంది. బిల్డింగ్ మొత్తం మీద మాత్రం అంతే ఉంటుంది. నా లెక్కలో అది పెద్ద విజయంలా కనబడుతుంది.

పాత_లెక్చరర్
ఈ ప్రశ్న వైవాలో నేను అడగాల్సింది. మీరే అడిగేశారు.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీవాళ్లకు సరిగ్గా ఇదే ఎదురైంది. సైకిళ్లు ఎక్కువగా పోయే మూడుచోట్ల "దొంగల్లారా, మిమ్మల్ని చూస్తున్నాం" అన్న అర్థంతో, రెండు కళ్ల బొమ్మతో బోర్డులు పెట్టారు. 2012లో ఫలితాలు వేశారు. బోర్డులున్నచోట దొంగతనాలు 62 శాతం తగ్గాయి, బోర్డులు లేనిచోట 65 శాతం పెరిగాయి. దొంగ మారలేదు, చోటు మారింది. బోర్డున్న మూడుచోట్ల లెక్కే చూసి ఉంటే పెద్ద సంబరం చేసుకునేవారు.

కాజీపేట_జంక్షన్
సరే, అయితే మూలలను పంచొద్దు, వారాలను పంచు. టైల్ బదులు ఫ్రేమ్ కట్టిన పటం మేకుకు తగిలించు. ఒక వారం అన్ని మూలల్లో పటాలు, ఒక వారం అన్నీ ఖాళీ. అప్పుడు పక్క మూలకు పారిపోయేదేమీ ఉండదు.

ఒక వారం పటం, ఒక వారం ఖాళీ అని వరసగా పెట్టొద్దు. రెండేసి వారాలను జంటగా తీసుకుని, ప్రతి జంటలో ముందు ఏది రావాలో నాణెం వేసి తేల్చు. ఐదు జంటలు చేస్తే పది వారాలు. టైల్ వట్టిదైతే ఐదు జంటల్లోనూ పటం వారమే శుభ్రంగా ఉండే అవకాశం 32లో 1. కప్పుల లెక్కంత గట్టిది కాదు కానీ, జంటలు ఎందుకంటే కాలం మారుతుంటుంది కాబట్టి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు గుట్కా జోలికి పోరు. మేడారం జాతర వారంలో సగం సెంటర్ ఖాళీ. పక్కపక్క వారాలనే పోల్చుకుంటే ఈ గోల చాలావరకు తప్పుతుంది.

న్యూకాజిల్ వాళ్లదే ఇంకో స్టడీ ఉంది, 2006లో వచ్చింది. డిపార్ట్‌మెంట్ కాఫీ గదిలో ఎవరికివారు డబ్బాలో డబ్బులేసి టీ, కాఫీ తీసుకుంటారు. ధరల కాగితం మీద ఒక వారం కళ్ల బొమ్మ, ఒక వారం పూల బొమ్మ, అలా పది వారాలు. కళ్ల వారాల్లో దాదాపు మూడింతలు డబ్బు పడింది. నీకు పనికొచ్చే విషయాలు రెండున్నాయి ఇందులో. ఖాళీ కాగితంతో పోల్చలేదు, పూలతో పోల్చారు. ఎందుకంటే ఏ బొమ్మ పెట్టినా జనం కాగితం వైపు చూస్తారు. ఇంకోటి, వచ్చిన డబ్బును వాడిన పాలతో భాగించారు. అంటే ఎంతమంది తాగారో దానికి తగ్గట్టు ఎంత పడిందో చూశారు. నువ్వూ మరకలను ఎక్కినవాళ్ల సంఖ్యతో భాగించాలి. సెలవు వారంలో గోడ శుభ్రంగా ఉంటే అది దేవుడి మహిమ కాదు.

పాత_లెక్చరర్
ఒక్క మాట కలుపుతాను. ఆ కళ్ల బొమ్మల ఫలితాన్ని చాలామంది మళ్లీ చేసి చూశారు, అందరికీ రాలేదు. స్టడీలన్నీ కలిపి చూసిన 2017 విశ్లేషణలో, కళ్ల బొమ్మలు జనం ఉదారతను పెంచుతాయనడానికి ఆధారం దొరకలేదు. పద్ధతి నేర్చుకోండి, ఫలితాన్ని గుడ్డిగా నమ్మకండి.

సుబేదారి_లాయర్
మీరంతా ఉత్సాహంగా ఉన్నారు కానీ ఒక్కసారి ఆగండి. వారం వారం దేవుడి పటాలు తగిలించడం, తీసేయడం? ఒక స్టూడెంట్, అదీ ఆడపిల్ల, పదిమంది తిరిగే మెట్ల మీద మక్కా పటం తీసి సంచిలో పెట్టుకోవడాన్ని ఎవడో ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తాడు. "ప్రాజెక్ట్ కోసం" అంటే వినేవాడు ఉండడు. మరి ఆ పటం మీదే ఎవడైనా ఉమ్మితే? ఆ ఫోటో మీ ప్రాజెక్ట్ రిపోర్టులో వేస్తారా?

గోడ మీద దేవుడి బొమ్మలు ఇలా వాడడాన్ని ఆపాలని ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. 2022లో కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే ఓనర్ టైల్స్ పెట్టుకోవడం వేరే సంగతి. మీరు పరిశోధన పేరుతో పెట్టడం, తీయడం మాత్రం కాలేజీ ఎథిక్స్ కమిటీ చూడాల్సిన విషయం. అక్కడ అనుమతి రాకుండా మేకు కూడా కొట్టకండి. సీసీ కెమెరా ఫుటేజీ అడగొద్దు, ముఖాలు రికార్డ్ చేయొద్దు. మరకలను లెక్కపెట్టండి, మనుషులను గుర్తుపట్టకండి.

ఎనుమాముల_మిర్చి
అందుకే ఇసుక బకెట్ అన్నా. దానికి ఏ మతమూ లేదు.

గోదావరిఖని_జనరల్_షిఫ్ట్
లాయర్ గారు, మరి దేవుణ్ని తీసేస్తే ప్రశ్నే మారిపోతుంది కదా. కళ్లు, పూలు పెట్టి చేస్తే కళ్ల సంగతి తెలుస్తుంది. ఓనర్ అన్నది దేవుడి భయం. దాన్ని పరీక్షించాలంటే దేవుడు ఉండాల్సిందే.

సుబేదారి_లాయర్
ఉండొద్దనలేదు. తీయొద్దన్నాను.

పరకాల_టీచర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి సమస్యే. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలు పాఠాన్ని రెండుసార్లు చదివితే మంచిదా, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాస్తే మంచిదా అని చూడాలని ఉంది. హాజరు పట్టీలో సరి నంబర్లు ఒక గుంపు, బేసి నంబర్లు ఒక గుంపు చేస్తే సరిపోతుందా?

కాజీపేట_జంక్షన్
సరి, బేసి కొంతవరకు ఫర్వాలేదు టీచర్ గారూ. కానీ ఎవరు ఏ గుంపులో పడతారో మీకు ముందే తెలుస్తుంది. అది తెలిసినప్పుడు చేయి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది, "ఈ బాబు నంబర్ మర్చిపోయాను" అంటూ. చీటీలే మేలు. బెంచీల వారీగా మాత్రం అసలొద్దు. ముందు బెంచీ వాళ్లు వేరే జాతి.

పాత_లెక్చరర్
టీచర్ గారూ, పరీక్ష ఎప్పుడు పెడతారనే దాన్ని బట్టి మీ జవాబు తలకిందులవుతుంది. రోడిగర్, కార్పికీ అనే అమెరికా సైకాలజిస్టులు 2006లో కాలేజీ పిల్లలతో ఇదే చేశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకు 75. వారం తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లు 42కు పడిపోయారు, రాసినవాళ్లు 56 దగ్గర ఆగారు. పీరియడ్ చివర్లో పరీక్ష పెట్టి ఆపేస్తే మీరు పిల్లలకు తప్పు దారి చెబుతారు. వారం ఆగండి. రెండు గుంపులకూ ఒకే ప్రశ్నపత్రం. పేపర్లు మీరు దిద్దొద్దు, ఎవరే గుంపో తెలియని ఇంకో టీచర్‌తో దిద్దించండి. ఏ పద్ధతి మేలో తేలాక రెండో గుంపుకూ అది నేర్పండి, లేకపోతే వాళ్లకు అన్యాయం.

మెట్ల విషయంలోనూ ఈ కాలం సంగతి ఉంది. టైల్ కొత్తలో చూస్తారు. అలవాటయ్యాక చూస్తారా?

మోడరేటర్
టీచర్ గారి ప్రశ్న బాగుంది, దాన్ని వేరే చర్చగా తెరిచాను. ఇక్కడ టైల్స్ గురించే మాట్లాడదాం. మతాల మీద పెట్టిన రెండు పోస్టులు తీసేశాను, మళ్లీ పెడితే ఖాతా ఆగిపోతుంది.

గోదావరిఖని_జనరల్_షిఫ్ట్
లాయర్ గారి మాట మీద ఆలోచించాను. తీయకుండా చేసే దారి ఒకటుంది. మెట్లు, మీ ఓనర్‌కు మిగతా మూలల్లో కూడా టైల్స్ పెట్టే ఆలోచన ఉందా? ఎలాగూ పెట్టేదే ఉంటే, "పెట్టండి సార్, కానీ అన్నీ ఒకేరోజు వద్దు, వారానికో మూల, వరస నేను చీటీ తీసి చెప్తా" అనండి. పెట్టేది ఆయన, పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. మన చేతిలో ఉన్నది వరస ఒక్కటే.

పాత_లెక్చరర్
సెబాష్. దీనికి శాస్త్రంలో పెద్ద పేరే ఉంది, మల్టిపుల్ బేస్‌లైన్ అంటారు. బేర్, వుల్ఫ్, రిస్లే అనే పరిశోధకులు 1968లో రాసిన వ్యాసంలో దీన్ని వివరించారు. ఒకసారి నేర్పిన అలవాటును, ఒకసారి ఇచ్చిన వైద్యాన్ని వెనక్కి తీసుకోలేని చోట వాడతారు.

అమ్మా, ఇప్పుడు చూడాల్సింది ఇది. మొదటి మూలకు టైల్ పడిన వారం ఆ మూలలోనే మరకలు తగ్గిపోవాలి, మిగతావి కదలకూడదు. రెండో మూలకు టైల్ పడినప్పుడు రెండోదాంట్లోనే తగ్గిపోవాలి. అలా ప్రతిదీ తన వంతు వచ్చినప్పుడే కదిలితే, ఆ పని సెలవులది కాదు, మాల వేసుకున్నవాళ్లది కాదు, టైల్‌దే. అన్నీ ఒకేసారి తగ్గితే ఇంకేదో జరిగింది. మిగతావి పెరిగితే మీరు భయపడ్డట్టు మరకలు పక్కకు జరుగుతున్నాయి. మీ డౌట్‌కు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది.

కాజీపేట_జంక్షన్
పాత టైల్స్ ఉన్న మూలను వదిలేస్తే ఏడు మిగులుతాయి. ఏడింటి వరసకు 5040 దారులు. 32 కంటే ఎంతో నయం. నా పటాల ప్లాన్ వెనక్కి తీసుకుంటున్నా.

మొదటి టైల్‌కు ముందు కనీసం కొన్ని వారాలు ఏడింటికీ వట్టి రంగుతో లెక్క తీయి. కొత్త రంగు మహిమ ఎన్నాళ్లుంటుందో ముందు తెలియాలి. ఆ మహిమ అరిగి, మరకలు వారానికి ఇంత అని ఒక దారికి వచ్చాకే టైల్ మొదలుపెట్టు.

నయీంనగర్_మెట్లు
ఓనర్‌ను అడిగాను. అన్ని మూలలకూ పెట్టాలనే ఉందట, వారానికొకటి అయితే ఖర్చు కూడా ఒకేసారి పడదని సంతోషించారు. పూల టైల్ సంగతి కూడా అడిగాను. చీటీలో వచ్చిన రెండు మూలలకు ముందు అదే సైజు పూల టైల్ పెట్టి, స్టడీ అయ్యాక దేవుడి టైల్ పెట్టుకుంటామన్నారు. రాతపూర్వకంగా అనుమతి కూడా ఇస్తారు. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాస్తున్నా.

ఈలోపు లెక్కపెట్టడం అలవాటు కావాలని ఒక మూలను నేనూ మా తమ్ముడూ విడివిడిగా లెక్కపెట్టాం. ఇద్దరి లెక్కకూ పొంతనే లేదు! ఒకదాని మీద ఒకటి పడ్డ మరకలను నేను ఒకటిగా వేశాను, వాడు నాలుగుగా వేశాడు. జారిన చారను వాడు లెక్కలోకే తీసుకోలేదు. ఇంకో తలనొప్పి ఏంటంటే, పైన పళ్ల డాక్టర్ ఉన్నారు. పన్ను పీకించుకున్నవాళ్లు దిగేటప్పుడు దూదితో సహా ఉమ్మేస్తున్నారు. అదీ ఎర్రగానే ఉంటుంది.

ఎనుమాముల_మిర్చి
అక్కా, మా మార్కెట్‌లో ఒకే బస్తా మిర్చి చూసి ఇద్దరు ఖరీదుదారులు రెండు ధరలు చెప్తారు. ఒకరు రంగు చూస్తారు, ఒకరు తేమ చూస్తారు. ముందు ఏం చూడాలో ఒప్పుకోండి, తర్వాత లెక్కపెట్టండి.

కాజీపేట_జంక్షన్
మిర్చి తమ్ముడు ఈసారి బకెట్ లేకుండా మంచిమాట చెప్పాడు.

మరకలు లెక్కపెట్టొద్దు చెల్లె, గళ్లు లెక్కపెట్టు. ప్రతి శనివారం సాయంత్రం మూలకు ఎదురుగా, నేల మీద పెయింట్‌తో పెట్టిన గుర్తు దగ్గర నిలబడి, ఒకే ఎత్తు నుంచి ఫోటో తీయి. ఫోటో మీద గళ్లు గీస్తే, పోయిన వారం శుభ్రంగా ఉండి ఈ వారం ఎర్రబడ్డ గళ్లు ఎన్ని? అంతే. మరక ఒకటా నాలుగా అన్న గొడవ ఉండదు. పళ్ల డాక్టర్ మరకలను విడదీయడానికి ప్రయత్నించకు. అవి టైల్‌కు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉంటాయి. అయినా ఆ క్లినిక్ ఉన్న అంతస్తు పేరు రిపోర్టులో రాయి.

మూలకో తెల్ల చార్టు అంటించి వారం వారం మారిస్తే సులువు కదా అనిపిస్తుంది. వద్దు. తెల్ల చార్టు కూడా ఒక బోర్డే, జనం దాన్ని చూసి కూడా మారతారు.

పాత_లెక్చరర్
ఫోటోలో టైల్ కనబడకుండా కత్తిరించండి. గళ్లు లెక్కపెట్టేవాళ్లకు అది ఏ వారమో, ఏ మూలో తెలియకూడదు. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తుందని, కాలితో తట్టి జవాబు చెబుతుందని జనం నమ్మారు. 1907లో ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు తేల్చిందేమిటంటే, ప్రశ్న అడిగే మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన సంఖ్య దగ్గరకు రాగానే అడిగినవాడి తల తెలియకుండానే కొంచెం కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆగేది. యజమాని మోసగాడు కాదు, నిజంగానే నమ్మాడు. మీ తమ్ముడికి టైల్ కనబడితే, వాడు కూడా నిజంగానే తక్కువ గళ్లు చూస్తాడు.

గోదావరిఖని_జనరల్_షిఫ్ట్
మెట్లెక్కేవాళ్ల లెక్క మర్చిపోవద్దు. రోజంతా కూర్చోలేవు కాబట్టి రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున లెక్కపెట్టు. టైమ్ కూడా చీటీలతోనే తేల్చు, లేకపోతే నీ టీ విరామంలోనే లెక్కపెడతావు.

పాత_లెక్చరర్
మొదలుపెట్టే ముందు ఒక కాగితం రాయండి. ఏం లెక్కపెడతారు, ఎన్ని వారాలు, ఏం కనబడితే టైల్ పనిచేసిందంటారు, ఏం కనబడితే లేదంటారు. తేదీ వేసి గైడ్‌తో సంతకం పెట్టించండి. 2015లో 270 మంది పరిశోధకులు కలిసి, పేరున్న జర్నళ్లలో వచ్చిన 100 సైకాలజీ స్టడీలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం "ఫలితం ఉంది" అన్నవే. మళ్లీ చేస్తే 36 శాతానికే నిలబడింది. అందరూ దొంగలని కాదు. లెక్కలు చేతికొచ్చాక కథ అల్లుకోవడం మనిషికి సులువు.

పూల టైల్ రెండే మూలలకు కాబట్టి, దేవుడికీ పూలకూ తేడా ఉందని గట్టిగా చెప్పలేరు. కనబడినదాన్ని కనబడినట్టు రాయండి, అంతవరకే.

నయీంనగర్_మెట్లు
కాగితం చూపిస్తే మేడం ఒప్పుకున్నారు సార్! కానీ ప్రశ్నావళి కూడా ఉండాలంటున్నారు, సిలబస్‌లో ఉందట. మెట్లెక్కేవాళ్లకు ఇప్పుడే పంచేసి ఆ పని ముందు ముగించుకోమన్నారు. ఇప్పుడే పంచనా?

పాత_లెక్చరర్
ఇప్పుడు వద్దే వద్దు. ఉమ్మడం గురించి ప్రశ్నలు చదివినవాడు మరుసటి రోజు నుంచే మూల వైపు వేరేగా చూస్తాడు. ఏడో మూల ఫోటోలు కూడా అయిపోయాకే పంచండి. మేడం కారణం అడిగితే ఇదే చెప్పండి, కాదనరు. ప్రశ్నావళిలో మాత్రం "మెట్ల మూలల్లో ఏమున్నాయో గమనించారా?" అన్నదే మొదటి ప్రశ్నగా పెట్టండి, టైల్ మాట ఎత్తకుండా. టైల్స్‌ను అసలు చూడనివాళ్లు ఎంతమందో తెలియకుండా భయం గురించి మాట్లాడలేం.

కాజీపేట_జంక్షన్
చీటీలు నువ్వు తీయకు చెల్లె, కింద జిరాక్స్ షాపు అతనితో తీయించు. తీసిన వరసను ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఆ తర్వాత మార్చడానికి వీలుండదు.